మడతల మధ్య తడి

మా ఇంట్లో మడి ఎప్పుడూ లేదు. మడతలు మాత్రం మూడేళ్ళ కిందట వచ్చాయి. నాలుగు కాళ్ళ మీద నడిచి వచ్చాయి.

మా ఊరు నెల్లూరు జిల్లాలో కోట అనే టౌనుకు దగ్గర. ఇక్కడి రొయ్యపిల్లల హేచరీలో పనిచేసే ఒక టెక్నీషియన్ మా మేడ మీది వాటాలో అద్దెకుండేవాడు. మద్రాసు వైపు మనిషి. మాట తక్కువ, కుక్క ఎక్కువ. ఆ కుక్క షార్‌పే అనే చైనా జాతిది. లేత బెల్లం రంగు, నల్లని మూతి, ఒళ్ళంతా ముడతలు. పెరిగే పిల్లలకి మా దర్జీ యూనిఫారం లూజుగా కుట్టినట్టు, దేవుడు దానికి రెండు సైజులు పెద్ద తోలు తొడిగి, ఎదిగితే సరిపోతుందిలే అనుకున్నాడు. అది ఎదగనైతే ఎదిగింది గానీ తోలు కూడా దాంతోపాటే ఎదిగింది.

ఆ పిల్లవాడికి గుజరాత్ తీరంలో ఉద్యోగం దొరికింది. క్వార్టర్స్ ఇచ్చేదాకా రెండు వారాలు దీన్ని చూసుకోండి అక్కా అన్నాడు. క్వార్టర్స్ ఇచ్చారు, కుక్కకు మాత్రం అనుమతి ఇవ్వలేదు. ఫోనులో ఏడ్చాడు. అవతల మనిషి ఏడిస్తే ఇవతల నేను దేనికైనా సరేనంటాను. నా పెళ్ళి కూడా దాదాపు అలాగే జరిగింది. ఆ విధంగా యాభై రెండేళ్ళ వయసులో నేను ఒక ఆడకుక్కకు తల్లినయ్యాను. దానికొక ఇంగ్లీషు పేరుంది. మా వీధిలో ఎవరి నోటా ఆ పేరు సరిగ్గా పలకలేదు కాబట్టి ఇక్కడ రాసి ప్రయోజనం లేదు. ఊరంతా చైనా కుక్క అనేది. మనం వాళ్ళకి రొయ్యలు పంపిస్తే వాళ్ళు మనకి ముడతలు పంపించారని మా ఆయన టీకొట్టు దగ్గర చెప్పుకుని నవ్వించేవాడు.

ఎదురింట్లో ఇస్త్రీ చేసే ఆమె మొదటి రోజే పిలిచింది. "అక్కా, దాన్నిట్టా తీసకరా. బొగ్గులు రాజుకోనుండాయి, ఒక పెట్టె వేసిస్తా."

"ముందు నా మొహానికి వెయ్యి," అన్నాను. "దానివి పుట్టుకతో వచ్చిన ముడతలు. నావి కాపురంతో వచ్చినాయి."

మొదటి ఎండాకాలం అలా నవ్వులతోనే గడిచింది. వానలు పడ్డాక నవ్వులు తగ్గి వాసన మొదలైంది. ముక్కు పైన ఉండే మడతలో, మెడ కింద, తోక మొదట్లో చర్మం ఎర్రబడింది. వేలితో మడత విప్పితే లోపల జిగటగా, గోధుమరంగులో ఏదో ఉండేది. పులిసిన దోసెపిండి గిన్నెను మూడు రోజులు మరిచిపోయి మూత తీసినట్టు వాసన. చెవులు గోక్కుని గోక్కుని రక్తం వచ్చేది. గజ్జి కుక్క అన్నారు ఊళ్ళో. చైనా పేరు పోయి గజ్జి పేరు వచ్చింది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. వాకాడు వైపు సముద్రానికి దగ్గరలో మాకు ఎనిమిది రొయ్యల గుంటలున్నాయి. మా ఆయన, వాళ్ళన్న కలిసి చేస్తారు. పేరుకు ఇద్దరిదీ, మాట మాత్రం బావగారిదే. ఆయనవీ మావీ రెండిళ్ళు, ఒకటే ప్రహరీ, ఒకటే వాకిలి. ఆ ఏడాదికి ముందు పంట తెల్లమచ్చ రోగంతో పోయింది. పొద్దున చూస్తే గుంట గట్టు పొడుగునా రొయ్యలు ఒడ్డుకు వచ్చి చచ్చి ఉన్నాయి. ఆ రోజు బావగారు గట్టు మీద చెప్పులు లేకుండా నిలబడ్డ తీరు నాకింకా కళ్ళకు కడుతుంది. అప్పటినుంచీ ఆయన శుభ్రం గురించి ఎవరి మాటా వినలేదు. గుంటల గేటు దగ్గర ఒక వెడల్పాటి ట్రే పెట్టించాడు. దాన్నిండా పర్మాంగనేట్ కలిపిన ఊదారంగు నీళ్ళు. కూలీ అయినా, కొనేవాడైనా, కొబ్బరికాయ కొట్టడానికి వచ్చిన పూజారి అయినా ఆ నీళ్ళలో రెండు కాళ్ళూ ముంచి లోపలికి రావాల్సిందే. ముంచడం మరిచిపోయి లోపలికి వచ్చేసిన సొంత తమ్ముణ్ణి, అంటే మా ఆయన్ని, వెనక్కి పంపి మళ్ళీ ముంచించాడు.

అలాంటి మనిషి ముక్కుకు ఒకరోజు మా కుక్క వాసన తగిలింది.

ఆయన అరవలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి నెమ్మదిగానే చెప్పాడు. "ఏందమ్మా ఇది. రోగం పెట్టుకోనుండాది. ఈ వాకిట్లోంచి మనుషులు గుంటల కాడికి పోతారు. సీడ్ వదిలే నాటికి ఇది ఈ ప్రహరీలో ఉండకూడదు."

రొయ్యపిల్లల్ని గుంటల్లో వదిలే రోజు మాకు పెద్ద రోజు. వదిలి వచ్చాక కూలీలందరూ మా వాకిట్లోనే భోంచేస్తారు. దానికింకా నెలన్నర గడువుంది. కుక్కను ఏం చేయాలో కూడా ఆయనే ఆలోచించి పెట్టాడు. బుచ్చిరెడ్డిపాలెంలో ఆయనకు తెలిసిన రైస్ మిల్లు ఉంది. అక్కడి ఆవరణలో కాపలాకు కట్టేసుకుంటారట. వడ్ల దుమ్ములో, రేకుల షెడ్డు కింద, మడత విప్పి చూసే చెయ్యి లేని చోట దాని గతి ఏమవుతుందో ఆయన ఊహించి ఉండడు. నేను ఊహించాను. మొరగనైనా మొరగకుండా తలుపు దాకా వచ్చి కొత్తవాళ్ళ చేతిలో తల పెట్టే ప్రాణి అది. దాని కాపలా గురించి కూడా ఆయనకు తెలిసినట్టు లేదు.

పంపను అన్నాను. ఆయన ముందు కాదు, ఆయన వెళ్ళాక గ్లాసుతో అన్నాను. నా ధైర్యం అప్పుడు ఆ సైజులోనే ఉండేది.

ఇక వైద్యం మొదలుపెట్టాను. రొయ్యల గుంటల మీద ముప్పై ఏళ్ళు బతికిన ఇంట్లో వైద్యమంటే నీళ్ళే. రొయ్య మేత తినలేదా, నీళ్ళు చూడు. రొయ్య నీరసంగా ఉందా, నీళ్ళు మార్చు. నీళ్ళు బాగుంటే రొయ్య బాగుంటుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే మా ప్రాంతంలో సగం డాక్టరు. నేను ఆ సగం డాక్టరును. రోజుకు రెండుసార్లు దానికి స్నానం చేయించాను. బోరు కింద కూర్చోబెట్టి మడత మడతకీ నీళ్ళు పోశాను. వాసన తగ్గలేదు. మూడుసార్లు చేయించాను. చివరికి బావగారి షెడ్డులోంచి ఆ ఊదారంగు పొడి చెంచాడు తెచ్చి కలిపి పోశాను. మరుసటి రోజుకు కుక్క గోధుమరంగు మరకలతో, అక్కడక్కడా ఊదాగా, ఎండలో వాడిన వంకాయలా తయారైంది. నా పది గోళ్ళూ అదే రంగు. ఇస్త్రీ ఆమె దాన్ని చూసి పెట్టె పక్కన పెట్టి చాలాసేపు నవ్వింది. ముడతలు పోగొట్టమంటే రంగు మార్చినావా అక్కా, అని అడిగింది. నాకు నవ్వు రాలేదు. ముక్కు మీది మడతలో చర్మం చిట్లి నెత్తురు కారుతోంది.

ఆ వారం మా ఆయన కారులో నెల్లూరు తీసుకువెళ్ళాం. పశువుల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మొదట కుక్కను చూసింది, తర్వాత నా గోళ్ళను చూసింది.

"రొయ్యలోళ్ళా?" అని అడిగింది.

అవునన్నాను.

ఆమె మడత విప్పి, ఒక టేపు ముక్క అంటించి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. గజ్జి కాదని చెప్పింది. ఇంకొకరికి అంటదని చెప్పింది. మడతల్లో తడి నిలిస్తే అక్కడ పెరిగే ఈస్టు అని చెప్పింది. దోసెపిండిని పులియబెట్టేది దీని బంధువే అనగానే ఆ వాసనకు అర్థం తెలిసింది. రోజుకు ఎన్నిసార్లు కడుగుతారని అడిగితే నేను కొంచెం గర్వంగానే మూడుసార్లన్నాను.

"మీరు కడగతానే ఉండారమ్మా," అంది ఆమె. "ఆరబెట్టిందెప్పుడు?"

నేను గోళ్ళను కొంగులో దాచుకున్నాను. అందులో సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, ఆరబెట్టడం మాకు తెలియని విద్య కాదు. ప్రతి పంట తర్వాతా గుంట నీళ్ళు తోడేసి, అడుగు మన్ను పగుళ్ళిచ్చేదాకా ఎండబెడతాం. అలా ఎండితేనే అడుగున ఉన్న చెడు చస్తుంది. ఆ నెలలో మా గుంటలు ఎనిమిదీ ఎండుతున్నాయి. మా బావగారు రోజూ వెళ్ళి పగుళ్ళలో వేలు పెట్టి తడి చూసి వస్తున్నాడు. ఎండబెట్టడమనే పనిని గుంటలకు వదిలేసి, కుక్కను మాత్రం నేను గుంటను చేశాను.

ఆమె చెప్పిన పద్ధతి వినడానికి తేలిక. స్నానం పది రోజులకొకసారి. మందు షాంపూ నురగ పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, మడత మడతకీ గుడ్డతో తడి తీసెయ్యాలి. రోజూ మాత్రం మందునీళ్ళలో ముంచిన దూదితో ఒక్కో మడత తుడిచి, పొడి గుడ్డ అద్దాలి. రుద్దకూడదు, అద్దాలి. చెవుల రంధ్రాలు ఈ జాతికి మరీ ఇరుకు, వాటిలో చుక్కలు వెయ్యాలి. కనురెప్ప లోపలికి మడుచుకుంటే వెంట్రుకలు కంటిని గీస్తాయి, కన్ను చికిలించినా నీరు కారినా వెంటనే తీసుకురావాలి. కాలి మడమ వాచి జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. రెండు నెలలు ఒకే రకం మాంసం పెట్టి చూడాలి, ఏది పడడం లేదో తెలుస్తుంది. రొయ్య తలకాయలు పెడుతున్నారా అని అడిగింది. మా ఆయన కిటికీ వైపు చూశాడు.

అన్నీ విన్నాక నేను అడగవలసింది అడిగాను. ఎన్నాళ్ళకు నయమవుతుంది? సీడ్ వదిలే నాటికి అవుతుందా?

"నయం కావడమనేది లేదమ్మా. మడతలున్నన్నాళ్ళూ తుడవాల్సిందే," అంది. "మీరు తుడిస్తే బాగుంటాది. ఆపితే మళ్ళా వస్తాది."

తిరిగొచ్చేటప్పుడు గూడూరు దాటాక మా ఆయన, అన్నకు ఈ చివరి ముక్క చెప్పబాకు అన్నాడు.

మొదటి అడ్డంకి నీళ్ళ దగ్గరే వచ్చింది. మా బోరు నీళ్ళు ఉప్పు. ఉప్పునీళ్ళతో కడిగితే చర్మం ఇంకా మండుతుంది. కాబట్టి తాగడానికి కొనుక్కునే క్యాను నీళ్ళతో కుక్కకు స్నానం చేయించాను. ఆ సంగతి మధ్యాహ్నానికి వీధి చివరి దాకా వెళ్ళింది. కుక్కకు మినరల్ వాటర్ స్నానమట, రేపు బిస్లెరీలో పన్నీరు కలుపుతారేమో అని. మా తోటికోడలు, బావగారి భార్య, మనసు మంచిదే. ఆమె కూడా నా దగ్గరికొచ్చి, ఊరంతా నవ్వతా ఉండారు మే, నీకెందుకిది అంది. నేను కాపురానికి వచ్చిన ఏడు ఇదే బోరు నీళ్ళు తియ్యగా ఉండేవి అక్కా, అన్నాను. ఆ రోజుల్లో మనిద్దరం దోసిళ్ళు పట్టి తాగాం గదా. ఊరి నీళ్ళను ఉప్పు చేసింది మన గుంటలే. ఆ ఉప్పు దీని ఒంటి మీద పొయ్యకుండా ఒక్క క్యాను కొంటే నవ్వుతున్నారు. మర్నాడు ఆమె తన ఇంట్లోని సగం క్యాను తెచ్చి మా గడప దగ్గర పెట్టి వెళ్ళింది. ఎవరితోనూ చెప్పొద్దని కూడా చెప్పింది.

తుడిచే గుడ్డ రెండో సమస్య. తువ్వాలు గరుకు. నా పాత వెంకటగిరి నూలు చీరలు ఉతికి ఉతికి వెన్నలా అయినవి నాలుగున్నాయి. వాటిని చించాను. కత్తెర పెట్టినప్పుడు చెయ్యి కాస్త వెనకాడిన మాట నిజం. ఒకటి మా అమ్మ పెట్టింది. అయితే ఆ చీర కట్టుకుని ఇంక నేను వెళ్ళే పేరంటాలూ లేవు, మడత పెట్టి బీరువాలో దాచేకంటే మడతల్లో పెట్టి వాడడమే మేలనిపించింది.

రోజూ పొద్దున కాఫీలయ్యాక వాకిట్లో పీట వేసుకుని కూర్చునేదాన్ని. అది వచ్చి నా ఒళ్ళో గడ్డం ఆనించేది. నుదురు, ముక్కు, మెడ, చంకలు, తోక మొదలు. ఒక్కో మడతా పుస్తకంలో పేజీ తిప్పినట్టు విప్పి, తుడిచి, అద్ది, మూసెయ్యడం. మొదట్లో మూలిగేది. పదిహేను రోజులకు నిద్రపోవడం మొదలుపెట్టింది, గురక కూడా. ఇల్లు దులపని రోజులున్నాయి గానీ కుక్కను తుడవని రోజు లేదు. మా ఆయన దొంగతనంగా రొయ్య పెట్టడం మానేశాడు. కనీసం నా ఎదుట మానేశాడు. ఎరుపు తగ్గి, చర్మం గులాబీరంగుకు వచ్చింది. మరకలు పోయాయి. వాసన పోయింది. నేను దాన్ని పొద్దున్నే టీకొట్టు ముందు నుంచి నడిపించుకు వెళ్ళేదాన్ని. అవసరం లేకపోయినా రెండుసార్లు నడిపించేదాన్ని. ఎవరైనా గజ్జి తగ్గిందా అక్కా అంటే, అది గజ్జి కాదు, కావాలంటే ముక్కు పెట్టి చూసుకో అనేదాన్ని. ముక్కు పెట్టినవాడు లేడు.

గుంటలకు సున్నం చల్లారు, నీళ్ళు పెట్టారు, సీడ్ రోజు ఖాయమైంది.

గర్వం దగ్గరే నేను జారిపడ్డాను. ఆ రోజుకు అరవై మందికి వంట. పిండి ఆడించడం, మసాలాలు వేయించడం, గిన్నెలు బయటికి తీయడం. పైగా మూడు రోజులు తూర్పుగాలి, సన్నటి తుంపర. చర్మం శుభ్రంగానే ఉంది కదా అని రెండు రోజులు తుడవడం ఎగ్గొట్టాను. సీడ్ రోజు పొద్దున్నే మెడ కింది మడత విప్పితే మళ్ళీ ఎర్రగా ఉంది. పలచగా అదే వాసన.

మా ఆయన చూసి పక్కకు పిలిచాడు. ఈ ఒక్క పూటా స్నానాలగదిలో పెట్టి గొళ్ళెం వెయ్యి, రేపటికి తగ్గిపోతాది, అన్న అడిగితే నయమైందని చెప్దాం అన్నాడు. తోటికోడలు కూడా అదే సలహా ఇచ్చింది. మంచి సలహానే. నేను దాన్ని స్నానాలగది దాకా తీసుకువెళ్ళాను కూడా. గొళ్ళెం మీద చెయ్యి వేశాక అనిపించింది. ఈ రోజు దాస్తే ఎరుపు కనబడిన ప్రతి రోజూ దాయాలి. డాక్టరమ్మ చెప్పినదాని ప్రకారం అది ఎప్పుడైనా కనబడుతుంది. అంటే ఇది దొంగసరుకులా మా ఇంట్లో బతకాలి. దొంగతనంగా బతకడానికి ఇది చేసిన నేరమేమిటి, కొంచెం తోలు ఎక్కువ ఉండడం తప్ప?

పదకొండింటికి గుంటల దగ్గరనుంచి అందరూ వచ్చారు. వాకిట్లో ఆకులు వేశారు. బావగారు నడుమ కూర్చున్నాడు, ఆయన పాదాలు ఇంకా ఊదాగా ఉన్నాయి. సీడ్ బాగా ఈదుకుంటూ పోయిందని సంతోషంగా ఉన్నాడు. నేను కుక్కను, పీటను, దూదిని, చీరముక్కను తీసుకుని వాళ్ళకు ఎదురుగా మా గడప ముందు కూర్చున్నాను. వడ్డించే పని మా ఆయనకు అప్పగించాను. మెడ కింది మడత విప్పాను. ఎరుపు అందరికీ కనబడింది.

బావగారి చెయ్యి ఆకు మీద ఆగింది. "నయం కాలేదు గదమ్మా."

"కాలేదు బావా. కాదు కూడా. ఇది అంటుకునే రోగం కాదు, రోజూ తుడిచే ఒళ్ళు. రెండు రోజులు నేను తుడవలేదు, వచ్చింది. తప్పు నాది, దానిది కాదు."

"సీడ్ నాటికి పంపెయ్యమని చెప్పినా."

"చెప్పినారు. నేను పంపను." కుక్క తల ఎత్తి చూసింది. "మీ గుంటలు ఎప్పుడన్నా నయమైనాయా బావా? ముప్పై ఏళ్ళ నుంచీ రోజూ పొద్దున పోయి నీళ్ళు చూస్తానే ఉండారు. ఒక పూట చూడకపోతే ఏమైతాదో మీకే తెలుసు. అయినా గుంటలు పూడ్చేసుకోలేదు గదా మీరు. నేనూ అంతే. ఇది మిల్లుకి పోదు. ఎవురికన్నా వాసనేస్తే వాకిలి అవతల వడ్డిస్తాను."

అరవై మంది నమలడం ఆపారు. సాంబారు గరిటెతో నిలబడ్డ మా ఆయన ఆ గరిటెలాగే నిలబడ్డాడు. నేను తల దించుకుని తుడిచే పని చేసుకుంటూ పోయాను. ఆ రోజు అద్దినంత మెత్తగా మళ్ళీ ఎప్పుడూ అద్దలేదు.

బావగారు లేచాడు. తన ఆకు తానే ఎత్తుకుని, వాకిలి అవతల తన గడప దగ్గరికి వెళ్ళి కూర్చుని, మిగతా అన్నం అక్కడ తిన్నాడు. ఆకులో ఒక్క మెతుకు వదల్లేదు. ఎవరూ ఆయన వెంట లేవలేదు. కూలీలలో ఒక పెద్దాయన మజ్జిగ పొయ్యమని అడిగాడు, దాంతో మళ్ళీ భోజనం సాగింది.

మరునాటి పొద్దున లేచి చూస్తే, మా రెండు గడపలకూ సరిగ్గా మధ్య, వాకిట్లో ఒక ట్రే ఉంది. గుంటల గేటు దగ్గరిలాంటిదే. నిండా ఊదారంగు నీళ్ళు. మా వైపునుంచి అటు వెళ్ళేవాళ్ళు అందులో కాళ్ళు ముంచి వెళ్ళాలని దాని భావం. నాకు కోపం రావాల్సింది. నేను ఆ ట్రేలో రెండు కాళ్ళూ ముంచి, తడి పాదాలతో వాళ్ళ గడప దాకా వెళ్ళి, తోటికోడలి దగ్గర చక్కెర అప్పు అడిగి, మళ్ళీ ముంచుకుంటూ వెనక్కి వచ్చాను. ఊదారంగు అడుగుల వరస ఒకటి వాకిలంతా పడింది. కడగలేదు.

బావగారు పొద్దున కాఫీ మా ఇంట్లోనే తాగుతాడు. ఆయన భార్య కాఫీ ఆయనకు పనికిరాదు, పాతికేళ్ళుగా అదే అలవాటు. ఆ రోజు రాడనుకున్నాను. ఏడింటికి వచ్చాడు. ట్రే దగ్గర ఆగాడు. దాటుకుని రావచ్చు, పెట్టింది ఆయనే. కానీ ఆ మనిషికి నిబంధన అంటే నిబంధన. పంచె కొంచెం ఎత్తి, రెండు కాళ్ళూ ముంచి, మా గడప ఎక్కి, కాఫీ తాగి, మళ్ళీ ముంచుకుని వెళ్ళాడు.

ట్రే ఇప్పటికీ ఉంది. నీళ్ళు రోజూ ఆయనే మారుస్తాడు. ఆయన పాదాలు గుంటల దగ్గర రెండుసార్లు, మా దగ్గర రెండుసార్లు మునిగి చిలగడదుంప రంగుకు తిరిగాయి. నేను అదే సమయానికి పీట వేసుకుని కూర్చుంటాను, ముందుకో వెనక్కో జరగను. నుదురు, ముక్కు, మెడ, చంకలు, తోక మొదలు. ఒక్కోసారి ఎరుపుంటుంది, ఒక్కోసారి ఉండదు. ఉన్న రోజు ఇంకొంచెం ఆయన వైపుకు తిప్పి తుడుస్తాను. మొన్న కాఫీ తాగుతూ, చెవిలో చుక్కలు వేసినావా అని అడిగాడు. వేశానన్నాను. కుక్క మాత్రం ఆ ట్రేను పక్కనుంచి చుట్టి, కాలు తడవకుండా వాకిట్లో ఆయన వైపుకు వెళ్ళి ఎండలో పడుకుంటుంది.